కొయ్యబిళ్ళ నుంచి కంప్యూటరు పట్టిక దాకా

విశాఖపట్నం నుంచి ఓడ వచ్చిన రోజున హాడో రేవులో తెలుగు వినిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కూలిపనికో, చేపల వేటకో, చుట్టపుచూపుకో వచ్చేవారు మూటలతో మెట్లు దిగుతారు. బంకు టికెట్టు ఒకరిది, కేబిన్ టికెట్టు ఇంకొకరిది. ద్వీపవాసి కార్డు ఉన్నవారికి ఛార్జీ తక్కువ, లేనివారికి ఎక్కువ. రేవులో పనిచేసేవారికి పాసులు వేరు. ఎవరు ఎంతవరకు పోవచ్చునో నిర్ణయించే ఈ చీటీలను హాడోలో కాపురముంటున్న నేను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. వాటిని గురించి నిజంగా ఆలోచించవలసి వచ్చింది మాత్రం మా కార్యాలయంలోకి కృత్రిమ మేధ సహాయకం ప్రవేశించిన తరువాతనే.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చేదాకా ఈ ద్వీపాలు ఇంటర్నెట్టుకు ఉపగ్రహాల మీదనే ఆధారపడినవి. ఇప్పుడు కంప్యూటరును ప్రశ్న అడిగి సమాధానం పొందడం మాకూ అలవాటయింది. అయితే కార్యాలయపు యంత్రాలలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడవద్దని 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ తన సిబ్బందికి సూచించింది. ఆ జాగ్రత్త సమంజసమని మాకూ తోచి, మా దస్త్రాలకు మాత్రమే పరిమితమైన సహాయకాన్ని ఏర్పాటు చేసుకొన్నాము. మాన్యువళ్ళు ఓపికగా చదువుతానన్న పేరుండడం వల్ల దానికి నన్ను అడ్మినిస్ట్రేటరును చేశారు.

నా ముందుకొక పట్టిక వచ్చింది. అడ్డంగా నాలుగు పాత్రలు: అడ్మినిస్ట్రేటరు, ఎడిటరు, యూజరు, వ్యూయరు. నిలువుగా దస్త్రాల పేర్లు. ప్రతి గడిలో ఒక టిక్కు పెట్టాలి. నేను చరిత్రలో ఎం.ఏ. చేసినవాణ్ణి, మనుషులను తరగతులుగా విభజించే పట్టికలు నాకు కొత్త కావు. సిబ్బందిలో ఎవరు నమ్మదగినవారో మనసులోనే తూచుకొంటూ నింపుకుంటూ పోయాను. చివరి మూడు దస్త్రాల దగ్గరకు వచ్చేసరికి సాయంత్రమైంది. "అందరికీ" అన్న గడిలో టిక్కు పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

నెల తిరగకముందే ఫలితం కనిపించింది. బదిలీ నిబంధనలేమిటని ఒక ఉద్యోగి సహాయకాన్ని అడిగితే, అది నిబంధనలు చెప్పి, ఉదాహరణగా మరొక ఉద్యోగి దరఖాస్తును కూడా సంగ్రహించి ఇచ్చింది. తనను క్యాంప్‌బెల్ బేకు బదిలీ చేయవద్దని, తన భార్యకు ఇక్కడ చికిత్స జరుగుతున్నదని, ఆ జబ్బు పేరుతో సహా ఆయన రాసుకొన్న దరఖాస్తు అది. మధ్యాహ్నానికి ఆ జబ్బు పేరు క్యాంటీను దాకా పోయింది. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటె పెద్దవాడు. నా గదికి వచ్చి కూర్చోకుండానే అన్నాడు: "సార్, ఆ కాగితం మీకిచ్చానండి. ఆఫీసంతటికీ ఇవ్వలేదండి."

నేను క్షమాపణ చెప్పుకొన్నాను. ఆ టిక్కు తీసివేయడానికి అర నిమిషం పట్టింది. ఆయన మాట మాత్రం నన్ను చాలాకాలం వెంటాడింది.

పూర్వం బీరువాలో ఉన్న ఫైలు చూడాలంటే ముందు అది ఉన్నదని తెలియాలి. తరువాత రికార్డు గుమాస్తాను అడగాలి. ఎందుకని ఆయన అడిగితే కారణం చెప్పాలి. తెలియకపోవడమే ఒక తాళంగా పనిచేసేది. సహాయకం ఆ తాళాన్ని తీసివేసింది. అది పత్రాలను చిన్న ముక్కలు చేసి పెట్టుకొని, ప్రశ్నకు దగ్గరగా ఉన్న ముక్కలను ఏరి సమాధానం అల్లుతుంది. అడిగినవారికి ఆ ముక్కను చూసే హక్కు ఉన్నదా అని ముందుగా పరీక్షించే ఏర్పాటు లేకపోతే, దానికి మొహమాటం లేదు, సందేహం రాదు.

ఈ దీవులకు అనుమతుల చరిత్ర ఉన్నది. 1858 మార్చిలో ఇక్కడ శిక్షా స్థావరం మొదలైన తరువాత ఖైదీ మెడలో కొయ్యబిళ్ళ వేలాడేది. అతని నంబరు, శిక్షపడిన సెక్షను, విడుదల కావలసిన తేదీ దాని మీద ఉండేవి. ప్రమాదకారి అని తలచినవాడికి 'డి' అక్షరం అదనం. సత్ప్రవర్తనతో ఏళ్ళు గడిస్తే తరగతి మారేది, టికెట్టు దొరికేది, సొంతంగా సేద్యం చేసుకొనే వీలు కలిగేది. ఖైదీలలోనుంచే టిండాలు, జమాదారు వంటి పదవులిచ్చి తోటి ఖైదీల మీద అధికారం అప్పగించేవారు. రంప పితూరీలో శిక్షపడిన మన మన్యం వీరులలో కొందరు ఈ ద్వీపాలకే వచ్చారు. ఆ పద్ధతి అంతా ఒకే ప్రశ్న మీద నడిచింది: నీవెవరవు, నిన్నెంతవరకు నమ్మవచ్చును?

ఆ ప్రశ్నకు సరియైన సమాధానం దొరికినా ప్రమాదం తప్పదని 1872 ఫిబ్రవరి 8 నిరూపించింది. హాడో నుంచి చూస్తే రేవుకు ఆవలి ఒడ్డున కనిపించే హోప్‌టౌన్‌లో ఆనాటి వైస్రాయి లార్డ్ మేయో హత్యకు గురయ్యాడు. చంపిన షేర్ అలీ ప్రమాదకారిగా ముద్రపడినవాడు కాడు. మంచి నడవడి కారణంగా క్షురక వృత్తి చేసుకొని మసలడానికి అనుమతి పొందినవాడు. మనిషిని తూచి ఇచ్చిన అనుమతి మనిషి మారినప్పుడు ఎందుకూ కొరగాదు.

స్వాతంత్ర్యానంతరం ఇక్కడ మరొక తరహా చీటీ వచ్చింది. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం రిజర్వు ప్రాంతంలోకి పాసు లేకుండా ఎవరూ పోరాదు. ఎంత పెద్ద చదువులు చదివినవాడికైనా ఇది వర్తిస్తుంది. ఇక్కడ అడిగే ప్రశ్న నీవెవరవని కాదు, ఆ చోటు ఎవరిదని. 2018లో విదేశీయుల అనుమతుల విషయంలో కేంద్రం అనేక ద్వీపాలకు సడలింపునిచ్చింది. ఆ జాబితాలో ఉత్తర సెంటినెల్ కూడా ఉన్నది. కాని 1956 నాటి నిబంధన అలాగే నిలిచి ఉన్నది. అదే సంవత్సరం నవంబరులో ఒక అమెరికన్ యువకుడు చట్టవిరుద్ధంగా అక్కడకు చేరి ప్రాణాలు పోగొట్టుకొన్నాడు. ఒక తలుపు తెరిస్తే వెనుకనున్న తలుపు కూడా తెరుచుకొన్నట్లు కాదు.

నా పట్టికలో నేను చేసిన పొరపాటు ఇప్పుడు నాకు స్పష్టమైంది. నేను కొయ్యబిళ్ళ ప్రశ్న అడిగాను. రిజర్వు పాసు ప్రశ్న అడగలేదు. సిబ్బందిని తూచాను గాని కాగితం ఎవరిదో చూడలేదు. పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు 1975లోనే వివరించారు. వ్యక్తికి గాక పాత్రకు అనుమతులు కట్టే పద్ధతిని 1992లో ఫెరాయిలో, కూన్ ప్రతిపాదించారు. సాధనం మంచిదే. పాత్ర అన్నది హోదా కాదు, ఒక పని అని గుర్తుంచుకోవడమే మన వంతు.

పట్టికను మళ్ళీ రాశాను. ప్రతి దస్త్రానికి ముందుగా "ఇది ఎవరి సంగతి?" అని ఒక గడి చేర్చాను. ప్రతి అనుమతికి గడువు పెట్టాను. బదిలీ మీద వెళ్ళేవారు తాళంచెవులు అప్పగించినట్లే తమ పాత్రను కూడా అప్పగించాలని చార్జి నివేదికలో ఒక వరుస వేయించాను. అంతకుముందే ఓడ ఎక్కి వెళ్ళిపోయినవారి పేర్లు ఇంకా ఎడిటర్లుగా కనిపించడం చూసి సిగ్గుపడ్డాను. అడ్మినిస్ట్రేటరునైన నాకే అక్కరలేని దస్త్రాలు కొన్ని తేలాయి. వాటిని నాకు నేనే మూసుకొన్నాను. అది కొంచెం కష్టమనిపించిందని ఒప్పుకొంటున్నాను.

ఈ మధ్య ఆయనే మళ్ళీ ఒక కాగితం తెచ్చాడు. చేతిలోనే ఉంచుకొని, "ఇది ఎవరెవరికి కనబడుతుందండీ?" అని అడిగాడు. పట్టిక తెరిచి చూసి, నాతో కలిపి ముగ్గురి పేర్లు చెప్పాను. ఆయన ఆ పేర్లను ఒక్కొక్కటే మనసులో తిప్పుకొన్నాడు. తరువాత కాగితం బల్ల మీద పెట్టి, ఈసారి కూర్చున్నాడు.