నాయన ఎజ్డీకి ఆయిల్ ఎందుకు కారింది

పోయిన నెల తిరుమణికి పోయినప్పుడు వాకిట్లో మొదట కనిపించింది నాయన కాదు, బండి కింద పరిచిన గోనెసంచి. దాని మీద అరచెయ్యంత నల్ల మరక. "కారతా ఉండాది. మీ నాయన గుజిరీవానికి ఇచ్చేస్తానంటాడు" అనింది అమ్మ.

నేను చదివింది కన్నడ మీడియం. బడిలో దీన్ని సోరికె అన్నారు, ఆఫీసులో లీక్ అంటారు, ఇంట్లో కారడం. తెలుగు అక్షరాలు హిందూపురం బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నవే, ఒత్తులు తప్పితే మనోళ్లు దిద్దండి.

బండి ఎజ్డీ రోడ్‌కింగ్. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది, మాది అంతకన్నా పాతది. తారురోడ్డు కోసం చేసిన బండే గానీ మా ఇంట్లో అది మట్టిదారిలోనే బతికింది. చెనిక్కాయ మూటలు, వంకలో ఇసుక, గట్ల మీద రాళ్లు, అన్నీ చూసింది. ఇప్పుడు చేనికి పోయే పని లేదు. బయట పెరిగిన మన పిల్లల కోసం చెప్తున్నా: తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు, ఈ అయిదు ఊర్లలో సుమారు 13,000 ఎకరాలు సోలార్ పార్కు కింద ఉన్నాయి. 2,050 మెగావాట్లు. భూమి అమ్మలేదు, గుత్తకిచ్చినారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, ఒప్పందం 28 ఏండ్లు. వానలు లేని మా పావగడలో ఆ డబ్బును నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ పొద్దున లేస్తే నాయనకు పోయేదానికి చోటు లేకుండా పోయింది. అందుకే రోజూ సాయంత్రం ఎజ్డీ మీద కంచె వెంబడి పోయి, మా చేను ఉండిన దిక్కు చూసి వస్తాడు. ఏం చూస్తావు నాయనా అంటే "ఏం లేదులే" అంటాడు. కారడం మొదలైనాక అదీ నిలిచింది. దారిలో ఆగిపోతే తోసుకుని రాలేనని భయం.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు యాడ పుట్టిందో కళ్లారా చూడకుండా దిద్దబోకూడదన్నది మా పనిలో మొదటి మాట. ఆయిల్ చుక్క ఇంజన్ అడుగున డ్రెయిన్ నట్టు దగ్గర రాలుతున్నాది. అంతమాత్రాన నట్టుది తప్పు కాదు. పైన యాడ కారినా కిందికే దిగుతుంది, బండి నడిస్తే గాలికి వెనక్కి పోతుంది. ఎడమపక్క అంతా సీమనూనెతో, బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరినాక అమ్మ పౌడరు డబ్బా తెచ్చి చల్లినాను. అమ్మ తిట్టింది. కంచె దాకా ఒక చుట్టు తిప్పి వచ్చి చూస్తే తెల్ల పౌడరు మీద రెండు తడి గీతలు. ఒకటి కిక్కు షాఫ్టు బయటికి వచ్చే చోట, సన్నగా. రెండోది క్లచ్ మూత అతుకు వెనకాల, లావుగా.

షాఫ్టు దగ్గర సీలు అరిగిందని సులభంగానే తెలిసింది. మూతదే అర్థం కాలేదు. దానికి పోయిన దసరాకే కొత్త ప్యాకింగ్ వేసినాను.

ఆయిల్ దించి, కిక్కు రాడ్డు తీసి, స్క్రూలు విప్పినాను. అట్టముక్క మీద మూత బొమ్మ గీసి, ఏ స్క్రూ ఆ చోట గుచ్చినాను. ఒక్కోటి ఒక్కో పొడుగు, కలిసిపోతే మళ్లీ తంటా. పాత ప్యాకింగ్ గీకి తుడిచినాక మూత అంచు మీద రెండు గాట్లు కనిపించినాయి. స్క్రూడ్రైవర్ మొన ఎంత వెడల్పో అంతే.

దసరాకి ఫోన్‌లో వీడియో చూసి క్లచ్ ప్లేట్లు మార్చింది నేనే. మూత అతుక్కుపోయి రాకపోతే కొయ్యసుత్తితో చుట్టూ మెల్లగా తట్టాల. నేను సందులో స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్లగించినాను. ఇప్పుడేమో పావగడలో కొన్న ప్యాకింగ్ మంచిది కాదని రెండు రోజులుగా అంటున్నాను.

నాయన పక్కన కూర్చుని చూస్తా ఉన్నాడు. "నాయనా, ఇది నేను చేసిందే" అన్నాను.

"నాకు ఆ పొద్దే తెలుసురా."

"మరి చెప్పలేదే?"

"చెప్పింటే మళ్లీ బండి ముట్టింటావా నువ్వు?"

నాకు మాట రాలేదు. తలుపులేని అలమార అద్దం తెచ్చి, దాని మీద ఎమరీ కాగితం పరిచి, కొంచెం ఆయిల్ వేసి, మూతను గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టినాను. గాట్ల చుట్టూ లేచిన అంచు సమమయ్యేదాకా గంట పట్టింది. సగం నాయనే రుద్దినాడు. గుంతల్లో పేస్టు పల్చగా పూసి, ప్యాకింగ్ కాగితం మూత మీద పెట్టి చిన్న సుత్తితో అంచు వెంట తట్టి ఆకారం కోసింది కూడా ఆయనే. ఆ పని ఆయనకు వస్తుందని నాకు ఇన్నేండ్లూ తెలియదు. కొత్త సీలు వేసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, కొత్త ఆయిల్ పోసినాం.

ఆదివారం సాయంత్రం మళ్లీ పౌడరు చల్లి ఇచ్చినాను. చీకటి పడినాక వచ్చినాడు. ఇంత ఆలస్యమా అని అమ్మ అడుగుతుంటే నేను మొబైల్ లైటు వేసి కిందికి వంగినాను. మూత అతుకు పొడిగా ఉంది. కిక్కు దగ్గర మాత్రం ఒక చుక్క. షాఫ్టు కూడా అరిగినట్టుంది. ఉగాదికి వచ్చినప్పుడు చూడాల. అంతవరకూ గోనెసంచి అట్లే ఉండనీ అన్నాడు నాయన.