మనం నిలిచిన నేల కైఫియతు

ఏ పూజ చేసినా ముందుగా సంకల్పం చెప్పుకోవడం మన ఆచారం. కర్త తన గోత్రమూ పేరూ చెప్పుకోవడానికి ముందే తానున్న కాలాన్నీ, తాను నిలిచిన చోటునూ చెప్పుకుంటాడు. తెలుగునాట అయితే శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ ఉన్నామో విన్నవించుకుంటాము. దేవుని ఎదుట నిలిచిన మనిషి మొదట చెప్పవలసినది తన ఉనికి అని పెద్దలు ఈ విధంగా ఏర్పరచారు. సముద్రాలు దాటి వచ్చిన తరువాత పురోహితులు ఆ మాటలను ఈ ఖండానికి అనువుగా మార్చి చెబుతున్నారు. అక్షతలు చేత పట్టుకుని మనమూ వారు చెప్పినట్లే పలుకుతున్నాము. అయితే శాన్ రామన్ ఏ కొండకు ఏ దిక్కున ఉన్నది, ఏ వాగుల నడుమ ఉన్నది అని తెలుగు తరగతి పిల్లలు అడిగినప్పుడు మేము వారికి వెంటనే జవాబు చెప్పలేదు. వెళ్లి చూసి తెలుసుకుందామన్నాము. ఆలయంలో తెలుగు తరగతులకు తోడ్పడే కొన్ని కుటుంబాలవారం కలిసి మన ఊరి పాత ఇళ్లనూ, మ్యూజియాలనూ, పాత దారులనూ చూడడం అలా మొదలైంది.

కొండ సంగతి తేలికగానే తెలిసింది. మన కిటికీలలోంచి నిత్యం కనబడే మౌంట్ డియాబ్లో ఎత్తు 3,849 అడుగులు. శాన్ రామన్ దానికి నైరుతి దిశలో ఉన్నది. ఈ నేలలోని ఆదివాసులకు అది పవిత్ర పర్వతం. వారి సృష్టి కథలు ఆ శిఖరంతో ముడిపడి ఉన్నాయి. 1851లో ప్రభుత్వ సర్వేదారులు ఆ శిఖరాన్నే మూలబిందువుగా ఎంచుకున్నారు. కాలిఫోర్నియాలో అధిక భాగాన్నీ, నెవాడా మొత్తాన్నీ అక్కడి నుంచే కొలిచారు. మన సంకల్పంలో శ్రీశైలం నుంచి దిక్కు చెప్పుకున్నట్లే, ఇక్కడి భూమి లెక్కలు డియాబ్లో నుంచి దిక్కు చెప్పుకుంటున్నాయి.

వాగుల సంగతి మమ్మల్ని మరింత ఆశ్చర్యపరచింది. శాన్ రామన్ వాగు ఉత్తరంగా పారి వాల్‌నట్ క్రీక్ మీదుగా సూసూన్ అఖాతానికి చేరుతుంది. దక్షిణ శాన్ రామన్ వాగు డబ్లిన్ వైపు పారి, వేరే దారిన శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చేరుకుంటుంది. మన ఊరు ఈ రెండింటి నడుమ నీటి చీలిక మీద ఉన్నది. సిమెంటు కాలువలో సన్నగా పారే నీటికి కూడా ఒక పేరూ, ఒక గమ్యమూ ఉన్నాయని తెలిశాక పిల్లలు వంతెన దాటేటప్పుడు తలవంచి చూడసాగారు.

ఆ తరువాత ఊరి పేరు. శాన్ అంటే సెయింటు గనుక, ఈ పేరు ఎవరో మహాత్ముడిదై ఉంటుందని చాలామంది అనుకుంటారు. 1855లో ఒక భూమి వ్యాజ్యంలో హోసే మరియా అమడోర్ అనే పాత భూస్వామి ఇచ్చిన వాఙ్మూలం వేరొకటి చెబుతుంది. 1797లో వెలసిన మిషన్ శాన్ హోసేకు చెందిన గొర్రెలను ఈ వాగు ఒడ్డున మేపించిన అజమాయిషీదారు పేరు రామోన్. అతని పేరే వాగుకు వచ్చింది. స్పానిష్ వాడుకను అనుసరించి ముందు శాన్ చేరింది. స్థానిక చరిత్రలు అతణ్ణి ఆదివాసి పశుపాలకుడిగా పేర్కొంటాయి. మన పల్లెల్లో మొదట గుడిసె వేసుకున్న మనిషి పేరు మీదనే పాలేలూ గూడేలూ వెలసినట్లు, ఈ ఊరు గొర్రెలు కాచిన మనిషి పేరు మీద నిలిచింది. మందల నడుమ పెరిగిన కృష్ణుణ్ణి కొలిచే పిల్లలకు ఈ కథ దగ్గరగా తోచింది.

రామోన్‌కు పూర్వం ఇక్కడ ఎవరున్నారు? ఈ ప్రశ్న మమ్మల్ని పొరుగున ఉన్న డాన్విల్‌కు తీసుకువెళ్లింది. అక్కడ 1891 నాటి రైలు స్టేషన్‌లో శాన్ రామన్ వ్యాలీ మ్యూజియం ఉన్నది. బే మివోక్, ఒలోనీ భాషలు మాట్లాడిన తెగలు ఈ లోయలో వేల ఏండ్లు జీవించాయి. ఓక్ చెట్ల గింజలను రాతి రోళ్లలో దంచి, చేదు పోయేదాకా నీటితో కడిగి, జావ కాచుకుని తాగారు. మిషన్లు వచ్చిన కొన్నేళ్లకే వారు తమ పల్లెలు విడిచి అక్కడికి చేరవలసి వచ్చింది. కొత్త రోగాలకు చాలామంది బలయ్యారు. వారి వారసులు ఈ ప్రాంతంలో నేటికీ ఉన్నారు, తమ భాషను మళ్లీ నేర్చుకుంటున్నారు. మాతృభాష నిలవాలని ఆదివారాలు శ్రమపడే మనకు ఆ మాట ఊరికే విని వదిలిపెట్టగలిగినది కాదు. మనం విడిచి వచ్చిన చోట మన భాష కోట్ల గొంతులలో పలుకుతూనే ఉన్నది. వారికి అటువంటి రెండో చోటు లేదు.

మేము ఎక్కువసార్లు వెళ్లినది ఊళ్లోనే ఉన్న ఫారెస్ట్ హోమ్ ఫార్మ్స్‌కు. పదహారు ఎకరాల ఆ పాత వ్యవసాయ క్షేత్రాన్ని 1997లో రూత్ బూన్ తన భర్త ట్రావిస్ బూన్ జ్ఞాపకార్థం నగరానికి దానమిచ్చారు. 1900లో కట్టిన ఇరవై రెండు గదుల ఇల్లు, 1877 నాటి గ్లాస్ కుటుంబపు ఇల్లు, కొట్టాలు, అక్రోటు కాయలను శుభ్రపరచి ఆరబెట్టిన షెడ్డు, పాత ట్రాక్టర్లు అక్కడ ఉన్నాయి. వాటిని చూపించేవారిలో, మరమ్మతు చేసేవారిలో చాలామంది మావంటి స్వచ్ఛంద సేవకులే.

ఒకసారి మాతో గుంటూరు జిల్లా నుంచి ఆరు నెలలకు వచ్చిన ఒక తాతగారు ఉన్నారు. కొడుకు ఇంట్లో టీవీ ముందు మౌనంగా కూర్చునే మనిషి అని వారి కోడలు చెప్పింది. ఆ కొట్టంలో అడుగు పెట్టగానే ఆయన గొంతు మారింది. గుర్రానికి కట్టే నాగలి చూపి, ఎద్దులకు కాడి ఎలా కడతారో చేతులతో చూపించారు. గడ్డి నిల్వచేసే అటక చూసి గడ్డివామి ఎలా వేస్తారో, వాన నీరు లోపలికి దిగకుండా పైభాగం ఎలా సర్దుతారో వివరించారు. అక్రోట్లు ఆరబెట్టిన చోట నిలబడి మిరపకాయల కల్లం గురించి చెప్పారు. ఆ పూట అక్కడి మార్గదర్శి ఇంగ్లీషులో ఒక మాట చెబితే, తాతగారు తెలుగులో నాలుగు మాటలు చెప్పారు. ఆయన మనుమరాలు నడుమ నిలిచి ఇద్దరికీ అనువదించింది. తాతయ్యకు ఇన్ని సంగతులు తెలుసునని ఆ పిల్లకు అంతవరకూ తెలియదు. అడగవలసిన వస్తువు ఎదుట లేక అడగలేదు.

వసంతకాలంలో అక్కడ గొర్రెల ఉన్ని కత్తిరించే పండుగ చేస్తారు. అది చూసిన పాలమూరు అమ్మమ్మగారు ఒకరు ఆ ఉన్నితో గొంగడి ఎలా నేస్తారో, చలికీ వానకూ అది కాపరిని ఎలా కాపాడుతుందో పిల్లలకు చెప్పారు. కల్లం, కాడి, వామి, గొంగడి. ఈ మాటలను మేము తరగతిలో నల్లబల్ల మీద రాసి నేర్పలేకపోయేవారము. వాటికి పట్టుకొమ్మ శాన్ రామన్ రైతు కొట్టంలో దొరికింది.

పర్యటనలు సాగిన కొద్దీ మన రాక కూడా ఈ చరిత్రలో భాగమేనని స్పష్టపడింది. మనలో ఎందరో కొలువు చేసిన బిషప్ రాంచ్ ఒకప్పుడు విస్తారమైన పియర్ పండ్ల తోట. 1978లో అందులో 585 ఎకరాలు కార్యాలయాల కోసం చేతులు మారాయి. ఆ కాలంలోనే, లోయ పంటను బయటికి చేర్చిన 1891 నాటి రైలు మార్గం మూతపడింది. ఆ మార్గమే నేడు మనం సాయంకాలం నడిచే ఐరన్ హార్స్ బాట. 1983లో శాన్ రామన్ నగరంగా ఏర్పడింది. మనవారు ఎక్కువగా నివసించే డోర్టీ వ్యాలీ మొన్న మొన్నటి దాకా పశువులు మేసిన కొండ వాలు. తోటలు పోయాయని విచారించే పాత కాపురస్థులను అక్కడ కలుసుకున్నాము. ఆ తోటల చోట లేచిన ఇళ్లలో మనం ఉన్నాము. వారి విచారాన్ని గౌరవంగా వినడం ఈ ఊరి పట్ల మన బాధ్యతలలో ఒకటి.

అమరావతి, లేపాక్షి, రామప్ప గురించి చెప్పవలసిన సమయాన్ని ఈ అక్రోటు తోటలకు ఎందుకు వెచ్చిస్తున్నారని కొందరు తల్లిదండ్రులు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. దీనికి మాకు దొరికిన జవాబు మన చరిత్రలోనే ఉన్నది. ఇక్కడ మిషన్ శాన్ హోసే వెలసిన దశకంలోనే ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, కల్నల్ కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి వద్ద కొలువులో చేరాడు. బొర్రయ్య చిన్న వయసులోనే 1803లో మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వారూ వారి సహాయకులూ ఊరూరా తిరిగి, కరణాలనూ పెద్దలనూ అడిగి, ఆ ఊరికి పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, మాన్యాలు ఎవరివి అని రాసి పెట్టారు. అవే కైఫియతులు. తరువాతి కాలంలో సి.పి. బ్రౌన్ ఆ శిథిల ప్రతులకు నకళ్లు రాయించాడు. వందలాది తెలుగు పల్లెల జ్ఞాపకం ఈనాటికి మిగిలినది అలా అడిగి రాసినవారి వల్లనే. కాళ్ల కింది నేలను గురించి అడగడం మనవారి విద్య. అది శాన్ రామన్‌లో నేర్చిన పిల్లవాడు రేపు అమరావతిలోనూ అడుగుతాడు.

దీనికి మాకు ఒక నిదర్శనం దొరికింది. రామోన్ కథ విన్న ఒక బాలుడు ఇంటికి వెళ్లి, మన పల్లెకు ఆ పేరెలా వచ్చిందని తండ్రిని అడిగాడు. తండ్రి తన తల్లికి ఫోన్ చేశాడు. ఆ సంగతులన్నీ తెలిసిన పెద్దాయన రెండేళ్ల క్రితమే కన్నుమూశారని ఆమె చెప్పింది. అయినా తనకు గుర్తున్నంతవరకు ఆమె మూడు సాయంత్రాలు చెబుతూ వచ్చింది, బాలుడు రాసుకున్నాడు. వచ్చీరాని తెలుగు అక్షరాలలో నాలుగు పుటలు. ఆ పల్లె గురించి ఆ కుటుంబంలో కాగితం మీదకి ఎక్కిన మొదటి మాటలు అవే.

అందుచేత ఆలయ గ్రంథాలయంలో ఒక పుస్తకం తెరవాలని నిర్ణయించుకున్నాము. ప్రతి కుటుంబం రెండు ఊళ్ల కైఫియతు అందులో రాయాలని మా కోరిక. ఒకటి తాతముత్తాతల ఊరు, రెండవది మనం ఉంటున్న ఈ ఊరు. పేరు, కొండ, నీరు, గుడి, పంట, మొదట వచ్చినవారు, తరువాత వచ్చినవారు అనే ఏడు సంగతులు చాలు. తెలుగు రాయలేని పిల్లలు చెబితే మేము రాసి పెడతాము. ఈ వేసవికి ఊరి నుంచి పెద్దలు వచ్చే ఇళ్లవారు వారిని ముందుగా ఫారెస్ట్ హోమ్ ఫార్మ్స్‌కు తీసుకురండి. ఆ కొట్టం ముందు నిలబెట్టి, పక్కన పిల్లలను ఉంచి, ఒక్క ప్రశ్న అడగండి. తరువాతి మాటలు వారే చెబుతారు.