ఆగిన ప్రయాణాలు, అపొస్తలుని ఓర్పు

ప్రయాణానికి బయలుదేరే ముందు ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి, 121వ కీర్తన చదువుకొని, పెద్దవారిలో ఒకరు ప్రార్థన చేశాకే గడప దాటడం తెలుగు క్రైస్తవ కుటుంబాలలో చాలాచోట్ల కనిపించే ఆచారం. ఫలానా రోజున ఫలానా ఊరు వెళ్తున్నామని చెప్పేటప్పుడు ‘దేవుని చిత్తమైతే’ అని ముందు చేర్చడమూ అటువంటిదే. ఒక పట్టణానికి వెళ్లి, ఏడాదిపాటు వ్యాపారం చేసి లాభం గడిస్తామని ధీమాగా పలికేవారిని యాకోబు పత్రిక 4వ అధ్యాయం మందలించిన తీరు ఆ వాడుకకు ఆధారం. అయితే ఆ మాట నోటికి అలవాటైనంత సులువుగా మనసుకు అలవాటు కాదు. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, విజయవాడ–కాజీపేట మార్గంలో రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అటువంటి రోజున ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అన్న ప్రకటన మళ్లీ మళ్లీ వినబడుతుంటే, పొద్దున్నే ప్రార్థన చేసుకొని వచ్చిన మనిషి గొంతు కూడా విచారణ కిటికీ దగ్గర పెరుగుతుంది.

ఆ కోపాన్ని చల్లార్చడానికి విశ్వాసుల మధ్య ఒక ఓదార్పు సిద్ధంగా ఉంటుంది. బండి తప్పిపోవడం వెనుక దేవుని మేలు ఏదో దాగి ఉంటుందని, ఎక్కి ఉంటే ప్రమాదం జరిగేదేమోనని చెబుతారు. కూడికలలో వినిపించే సాక్ష్యాలలో, అంటే తన జీవితంలో దేవుడు చేసిన మేలును విశ్వాసి సంఘం ఎదుట చెప్పుకొనే మాటలలో, ఇటువంటివి తరచుగా వస్తుంటాయి. ప్రాణం దక్కినవారి కృతజ్ఞతను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఆ బండి ఎక్కినవారిలోనూ ప్రార్థన చేసుకొని బయలుదేరినవారు ఉండి ఉంటారు కదా అన్న ప్రశ్నకు ఈ ఓదార్పు దగ్గర జవాబు లేదు. పైగా ప్రతి ఆలస్యానికీ ఒక రహస్య కారణం వెంటనే దొరకాలని కోరుకోవడం ఓర్పు కంటే ఆత్రుతకే దగ్గరగా ఉంటుంది.

ఈ విషయంలో బైబిలులో అందరికంటె ఎక్కువగా సంప్రదించదగినవాడు అపొస్తలుడైన పౌలు. అపొస్తలుడు అంటే సువార్త నిమిత్తం పంపబడినవాడు. పంపబడినవాడికి దారులు ఇన్నిసార్లు మూసుకుపోవడం గమనించదగిన సంగతి. ఆ అడ్డంకులన్నిటికీ ఆయన ఒకే కారణం చెప్పలేదు. ఆసియలో వాక్యం చెప్పకుండా, బితూనియకు వెళ్లకుండా ఆత్మ ఆటంకపరచినట్లు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంది. థెస్సలొనీకకు తిరిగి రాలేకపోవడానికి సాతాను కారణమని ఆయనే రాశాడు. రోమాకు రావాలని పలుమార్లు అనుకున్నా ఆటంకం కలిగిందని రోమీయులకు రాసినచోట ఆటంకపరచినది ఎవరో చెప్పలేదు. ప్రయాణం మార్చుకున్నందుకు కొరింథువారు చపలచిత్తుడని అనుకుంటారేమోనన్న శంకకు రెండవ కొరింథీయుల పత్రికలో ఓపికగా సంజాయిషీ ఇచ్చాడు కూడా. ఒక అడ్డంకిలో దేవుని చేయిని, మరొకదానిలో శత్రువు చేయిని చూసి, మూడవదానికి పేరు పెట్టకుండా వదిలేయగలిగిన ఈ వివేకాన్ని నేటి ప్రసంగాలు తగినంతగా పట్టించుకోవడం లేదు. ఎవరి వల్ల ఆగిపోయామో తేలకపోయినా ఆగినచోట నిలకడగా ఉండవచ్చునని ఆయన నడవడి చూపుతుంది.

రోమా ప్రయాణమే దీనికి పెద్ద ఉదాహరణ. యెరూషలేములో పౌలు బంధింపబడిన తరువాత ఒక రాత్రి ప్రభువు ఆయన పక్కన నిలిచి, రోమాలో కూడా సాక్ష్యమివ్వవలసి ఉన్నదని చెప్పినట్లు అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో ఉంది. ఆ మాటలో ఊరి పేరు ఉంది కానీ తేదీ లేదు. అటుపిమ్మట ఆయన కైసరయలో రెండేళ్లకు పైగా ఖైదులో ఉండిపోయాడు. లంచం దొరుకుతుందేమోనని ఆశపడిన అధిపతి ఫేలిక్సు తీర్పు చెప్పకుండా వ్యవహారాన్ని సాగదీసి, చివరకు పౌలును బంధకాలలోనే విడిచిపెట్టి వెళ్లిపోయాడు. వాగ్దానం పొందినవాడు ఒక అధికారి స్వార్థం వల్ల అన్నాళ్లు ఆగవలసి రావడాన్ని ఆ గ్రంథకర్త లూకా మెత్తబరచకుండా రాశాడు.

ఎట్టకేలకు యూలి అనే శతాధిపతి, అంటే నూరుమంది సైనికుల మీది అధికారి, కావలిలో ఓడ ఎక్కినా ఎదురుగాలి వల్ల అది మెల్లగా సాగి, ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం దాటిపోయాక, శరదృతువులో, క్రేతు దక్షిణ తీరంలోని మంచిరేవులకు చేరింది. ఆ కాలంలో మధ్యధరా సముద్రం మీద సెప్టెంబరు మధ్య నుంచి ప్రయాణం ప్రమాదకరంగా ఉండేది, నవంబరు వచ్చేసరికి సముద్రం మూసుకుపోయినట్లే లెక్క. ముందుకు వెళ్తే నష్టమని పౌలు హెచ్చరించినా, శతాధిపతి నావికుని మాటనూ ఓడ యజమాని మాటనూ నమ్మాడు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి అంతా అనుకూలంగా ఉందని లంగరెత్తారు. కొంతసేపటికే ఊరకులోను అనే పెనుగాలి విరుచుకుపడింది. సూర్యుడూ నక్షత్రాలూ కనబడని ఆ రోజులలో పౌలు లేచి నిలబడి, మొదట తన మాట విని ఉండవలసిందని వారితో అన్నాడు. ఆయన ఓర్పు మాట పెగలనంతటి నిర్వికారం కాదని తెలిపే ఈ ఒక్క వాక్యాన్ని లూకా దాచకుండా రాయడం ఎంతో మేలు. ఓడ పోతుంది గాని ఒక్క ప్రాణమైనా పోదని దూత తనకు తెలిపినట్లు ఆయన వెంటనే చెప్పాడు. గాలి ఎప్పుడు ఆగుతుందో దూత చెప్పలేదు.

పద్నాలుగవ రాత్రి జరిగినదానిని దగ్గరగా చూడాలి. నావికులు లోతు కొలిస్తే 20 బారలు, కొంచెం ముందుకు వెళ్లాక 15 బారలు వచ్చింది. బార అంటే రెండు చేతులూ చాచినంత పొడవు. రాతిచోట్ల తగులుతామన్న భయంతో ఓడ వెనుక నుంచి నాలుగు లంగర్లు దించి, తెల్లవారితే చాలునని కోరుకుంటూ కూర్చున్నారు. తెల్లవారబోతుండగా పౌలు, రెండు వారాలుగా సరిగా తినని మనుషులను తినమని బతిమాలి, రొట్టె పట్టుకొని, అందరి ఎదుట కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తినసాగాడు. ప్రభురాత్రి భోజనాన్ని తలపించే మాటలే ఇక్కడ ఉన్నా, సైనికులూ ఖైదీలూ నావికులూ కలిసి ఉన్న ఆ గుంపులో అది సంస్కారమా, మామూలు భోజనమా అన్న విషయంలో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఈ రెండింటి మధ్య గీత గీయవలసిన అవసరం ఆ తెల్లవారుజామున ఎవరికీ ఉండి ఉండదు. మొత్తం 276 మంది తిని, ధైర్యం తెచ్చుకొని, మిగిలిన గోధుమలను సముద్రంలో పారబోసి ఓడను తేలిక చేశారు. అది ఈగుప్తులోని అలెక్సంద్రియ నుంచి వచ్చిన ఓడ, కనుక ఆ గోధుమ రోమా నగరం కోసం బయలుదేరిన సరుకై ఉంటుంది.

ఓడ బద్దలై, కొందరు ఈది, కొందరు పలకలు పట్టుకొని, అందరూ నేటి మాల్టా అయిన మెలితే ద్వీపానికి చేరారు. 1848లో జేమ్స్ స్మిత్ అనే స్కాట్లాండు నౌకాభిమాని, గాలికి కొట్టుకుపోయే ఓడ వేగాన్ని లెక్కగట్టి, క్రేతు దగ్గరి కౌద దీవి నుంచి మాల్టాకు పట్టే కాలం లూకా చెప్పిన రోజులతో సరిపోతుందని తన గ్రంథంలో చూపాడు. లెక్కల సంగతి అటుంచితే, వానలో చలిలో తడిసి వచ్చినవారి కోసం ద్వీపవాసులు మంట వేసినప్పుడు, పౌలు కూడా పుల్లలు ఏరి తెచ్చి అందులో వేశాడన్నది ముఖ్యం. చలికాలం గడిచేదాకా అక్కడ ఆగిన మూడు నెలల్లో, జ్వరంతో, రక్తభేదితో ఉన్న ద్వీప ముఖ్యుని తండ్రి కోసం ప్రార్థించాడు.

ఇటువంటి కథలు చదివి, ఆలస్యమైనా చివరికి అంతా మేలుకే జరుగుతుందని తేల్చేయడం తేలిక. అమెరికా మిషనరీలు అదోనిరాం జడ్సన్, ఆన్ దంపతుల ప్రయాణం ఆ తేలికతనాన్ని ఆపుతుంది. 1812లో కలకత్తా చేరిన వారిని ఈస్టిండియా కంపెనీ ఉండనివ్వలేదు. మారిషస్ మీదుగా మద్రాసు వచ్చాక, మళ్లీ పంపేస్తారన్న భయంతో, దొరికిన ఓడ ఎక్కి 1813 జూలైలో రంగూను చేరారు. అనుకోకుండా చేరిన ఆ దేశంలోనే జడ్సన్ బర్మా భాషలో బైబిలు అనువాదాన్ని 1834లో ముగించాడు. అయితే మద్రాసు నుంచి వెళ్లిన ఆ ఓడలోనే ఆన్‌కు తొలి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టింది. అనువాదాన్ని చూపి ఆ బిడ్డ లోటును సరిపెట్టే హక్కు ఏ ప్రసంగికుడికీ లేదు.

పౌలు విషయంలోనూ లెక్క పూర్తిగా సరిపోలేదు. ఆయన వస్తున్నాడని విని రోమా సహోదరులు కొందరు సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని అప్పీయా సంతపేట వరకు ఎదురు వచ్చారు. వారిని చూసి ఆయన దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యం తెచ్చుకున్నాడు. ఓడలో అందరికీ ధైర్యం చెప్పినవాడికి కూడా దారిలో ఎదురొచ్చే మనుషులు కావలసి వచ్చారు. అంతకుముందు ఆ రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయంలో ఆయన రోమాను మజిలీగానే పేర్కొని, అక్కడినుంచి స్పెయినుకు సాగనంపమని వారిని కోరాడు. రోమాలో ఒక సైనికుని కావలిలో, అద్దె ఇంట్లో రెండేళ్లు ఉండి, తన దగ్గరకు వచ్చినవారినందరినీ చేర్చుకున్నాడన్న చోట అపొస్తలుల కార్యములు ముగుస్తుంది. పడమటి సరిహద్దు దాకా పౌలు వెళ్లినట్లు మొదటి శతాబ్దం చివర రోమా నుంచి సంఘ పెద్ద క్లెమెంతు రాసిన పత్రిక చెబుతున్నా, అది స్పెయినేనా అన్న విషయంలో పండితులు నేటికీ ఏకీభవించలేదు.