జమ్ముపెట్టె, అట్టపెట్టె



నిర్గమకాండము రెండో అధ్యాయంలో మోషే తల్లిని చూడండి. బిడ్డను ఏటి ఒడ్డున ఉంచే ముందు జమ్ముపెట్టె తీసుకుంది, దానికి జిగటమన్ను, కీలు పూసింది. విశ్వాసం గల తల్లే. అయినా నీళ్లలో ఉండాల్సిన పెట్టెకు కీలు పూయడం మానలేదు.

ఆ కీలు విలువ మాకు 2024 సెప్టెంబరులో తెలిసింది. 1వ తేదీ ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మా పరిటాలకు బెజవాడ సుమారు 30 కిలోమీటర్లు. సంఘంలో చాలామందికి అక్కడ చుట్టాలున్నారు. బియ్యం, పప్పు, బిస్కెట్లు, చంటిపిల్లల బట్టలు, పాలపొడి మందిరంలో చాపల మీద చేరాయి. కిరాణా కొట్లవాళ్లు ఖాళీ అట్టపెట్టెలు ఇచ్చారు.

అట్టపెట్టెలన్నీ ఒకటి కావు. అంచు చూస్తే తెలిసిపోతుంది. రెండు నున్నటి కాగితాల మధ్య ఒక అలల కాగితం ఉంటే అది మూడు పొరలది. అలల వరుసలు రెండుంటే ఐదు పొరలది. బట్టలకు, బిస్కెట్లకు మూడు పొరలు చాలు. బియ్యానికి, పప్పుకు ఐదు పొరలవి, అవీ చిన్నవే తీసుకున్నాం. పెద్దదాంట్లో నింపితే ఎత్తేవాళ్ల నడుము పడిపోతుంది. అలలు నిలువుగా ఉండేలా పేర్చాం. అప్పుడే అవి స్తంభాల్లా పైబరువు మోస్తాయి. ఖాళీ మిగిలినచోట పాత పేపర్లు ఉండచుట్టి కుక్కాం, లేకపోతే పెట్టె పైనుంచి కుంగుతుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు తడి. ఎన్ని పొరలున్నా తడిసిన అట్టకు బలం ఉండదు. నీళ్లలో మోసుకెళ్లేటప్పుడు అడుగు ఊడితే పాలపొడి అక్కడే పోతుంది, అవతల పసిబిడ్డ ఏడుస్తూనే ఉంటుంది. అందుకే ప్రతి వస్తువునూ పాలిథిన్ సంచిలో మూతి బిగించి కట్టాకే పెట్టెలో పెట్టాం. పాలపొడికి మాత్రం అట్టపెట్టె వద్దనుకున్నాం. మా సంఘంలోని అక్కలు ఇళ్లకు వెళ్లి, పిండివంటలు దాచుకునే గట్టి మూతల ప్లాస్టిక్ డబ్బాలు కడిగి, ఆరబెట్టి తెచ్చారు. అవి తిరిగి రావని తెలిసే ఇచ్చారు.

ఆ డబ్బాలను చూసినప్పుడు మాకు మోషే తల్లి పూసిన కీలు గుర్తొచ్చింది.

ప్రియులారా, ఇంట్లో మిగిలింది తీసి ఇవ్వడం సులువే. అది ఏ దారిన వెళ్తుందో, ఎవరి చేతికి అందాలో ముందే ఆలోచించి సర్దడంలో ప్రేమ ఉంది. అందేలా ఇచ్చే మనసును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.