వేషం కానిది

అలెక్స్ జీనో 2015లో రాసిన పిల్లల నవల ‘జార్జ్’ను ఈ వయసులో చదివాను. ఇప్పుడది ‘మెలిస్సా’ పేరుతో వస్తోంది. అదే సరైన పేరు. కథలోని మెలిస్సా నాలుగో తరగతి పిల్ల. అందరి కళ్ళకూ అబ్బాయి. ఆడపిల్లల పత్రికలు సంచిలో దాచుకుని, బాత్రూమ్ గడియ పెట్టుకుని చదువుకుంటుంది. అక్కడే నాకు గొంతు పూడుకుపోయింది. బడి నాటకంలో షార్లెట్ అనే సాలీడు పాత్ర అడిగితే టీచరు కుదరదంటుంది. స్నేహితురాలు కెల్లీ తన పాత్రను ఇచ్చేస్తుంది.

కూచిపూడి నాట్యంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసి మురిసిపోయినవాళ్ళం మనం. ఆయనకది వేషం. మెలిస్సాకు మాత్రం వేదిక దిగాకే వేషం మొదలవుతుంది.

2018 నుంచి 2020 దాకా ఏటా అమెరికా లైబ్రరీల్లో ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకం ఇదే. నాలుగో తరగతి పిల్లలకి ఇవన్నీ ఎందుకంటారు. మెలిస్సా చదివేదీ నాలుగో తరగతే కదా! మా ఊరి లైబ్రరీలో పిల్లల అరలో ఉందో లేదో శనివారం వెళ్ళి అడుగుతాను.