గంగవ్వ ఊరి నుంచి గోండు గూడేల దాకా

ఫోన్‌లో వందసార్లు చూసిన ఊరికి నిజంగా వెళ్తే ఎట్లుంటది? అది తేల్చుకుందామనే కరీంనగర్‌లో జగిత్యాల బస్సెక్కా. కొండగట్టు అంజన్న గుట్ట దగ్గర దిగి ఆటో మాట్లాడితే, డ్రైవరన్న నేను ఊరి పేరు పూర్తిగా చెప్పకముందే "గంగవ్వోళ్ల ఊరికేనా?" అన్నాడు. మల్యాల మండలం లంబాడిపల్లికి ఇప్పుడు అదే అడ్రస్.

ఊర్లోకి పోతే ప్రత్యేకంగా చూసేదేం లేదు. పెంకుటిండ్లు, కొత్త డాబాలు, గల్లీలో కోళ్లు, అరుగు మీద ముచ్చట్లు. స్టూడియో కోసం వెతక్కండి, ఊరే స్టూడియో. 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టినప్పుడు ఎంటర్‌టైన్‌మెంట్ అంటే హైదరాబాదే. పల్లెల్లో స్మార్ట్‌ఫోన్లు అంతంత మాత్రం, నెట్ ఖరీదు. ప్రొడ్యూసర్ కావాలంటే ఊరిడిసి పట్నం పోవాలె అనుకునే రోజులు. ఈయన కెమెరాను ఊర్లకు తెచ్చాడు.

ఇక్కడ అసలు సంగతి యాస. మన సినిమాల్లో చాలాకాలం తెలంగాణ మాట విలన్‌కో, నవ్వించే పాత్రకో దక్కేది. హీరోకు మాత్రం 'స్టాండర్డ్' తెలుగు. మై విలేజ్ షోలో ఊరంతా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతది. నవ్వు వచ్చేది యాసను చూసి కాదు, ముచ్చటను బట్టి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తది గానీ, పట్నం కాలేజీలో నోరు తెరవడానికి భయపడ్డ పిల్లలను అడగండి, ఎంత పెద్దదో చెప్తారు.

ఇగ గంగవ్వ. కూలికి పోయింది, బీడీలు చుట్టింది, పిల్లలను సాకింది. కెమెరా ముందుకొచ్చింది యాభై దాటాక. అనిల్ జీలతో కలిసి ఆమె మొదటిసారి విమానం ఎక్కిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కు పోయి, ఆరోగ్యం బాగాలేక మధ్యలోనే వచ్చేసింది. ఆ తర్వాత సొంతిల్లు కట్టుకుంది, ఊర్లోనే. పేరు పట్నంలో వచ్చినా ఇల్లు ఇక్కడే లేచింది. ఒక నిర్మాత ఊర్లో కూర్చుని పనిచేస్తే ఏమైతదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి లెక్క దొరకలేదు.

జగిత్యాల మీదుగా ధర్మపురి చేరి, నర్సన్నకు దండం పెట్టుకుని, రాయపట్నం దగ్గర గోదావరి వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా మొదలు. లక్సెట్టిపేట తర్వాత దండేపల్లి వస్తది. ఈ మండలంలోని లింగాపురమే గూడ అంజయ్య సొంతూరు. 1955లో పుట్టాడు, 2016లో పోయాడు. యూట్యూబ్ లేదు, లైకుల్లేవు, అయినా ఆయన పాట 'ఊరు మనదిరా' ఊరూరా తిరిగింది, వేరే భాషల్లోకీ పోయింది. సభల్లో విన్నోళ్లు ఇంటికి పోయి పాడుకున్నారు, వాళ్ల దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారు. అప్పటి షేర్ బటన్ గొంతే. ఇంకో విచిత్రం చూడండి. ఆయన ఉద్యోగం ఫార్మసిస్ట్‌. సర్కారు దవాఖానకు నేను రానంటూ మొత్తుకునే పేదోడి పాట కట్టింది కూడా ఆయనే. మందులిచ్చే చోట నిలబడ్డోడికి ఆ బాధ దగ్గరి నుంచే తెలుస్తది కదా.

అంజయ్య పాట కట్టాడు, శ్రీకాంత్ షో కట్టాడు. ఇద్దరికీ ముడిసరుకు ఒక్కటే: ఊరి మాట.

జన్నారం దాటి ఉట్నూరు దారి పట్టాక రెండు పక్కలా కవ్వాల్ అడవి. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పడిపోతుంటయి. ఇక్కడి నుంచి ఇంకో లోకం. గోండుల వంశాల పుట్టుక కథలను కిక్రీ వాయిస్తూ పాడేది ప్రధాన్లు. కథ వాళ్ల తాతల నుంచి వచ్చిందే, బాణీ వాళ్లదే, ప్రదర్శనా వాళ్లదే. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర మొదలైతది. మెస్రం వంశంవాళ్లు కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో పూజ చేస్తారు. డోలు, పెప్రె మోగుతుంటే స్పీకర్ల అవసరం ఉండదు. జైనూరు మండలం మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజు ఈ నేలవాడే. 1981 రిపబ్లిక్ డేకు ఢిల్లీలో తన బృందంతో ఆడాడు. పద్మశ్రీ వచ్చింది మాత్రం 2021లో. 2024లో వెళ్లిపోయాడు. ఆ రెండు సంవత్సరాల మధ్య నలభై ఏళ్లు.

ఆదిలాబాద్‌లో 1986లో ఆకాశవాణి కేంద్రం వచ్చాక గోండీ మాట కూడా రేడియోలో వినిపించింది. తమ భాష పెట్టెలోంచి వస్తే ఆ ఇంట్లో ఎట్లుంటదో, లంబాడిపల్లి యాసను ఫోన్‌లో విన్న మనకు కొంత అర్థమైతది. కానీ తెలంగాణ యాసకు కోట్లమంది ఉన్నరు. గోండీకి అంత జనం లేరు, కిక్రీ పట్టే చేతులు ఇంకా తక్కువ. ఆ గూడేల్లో ఇప్పుడు ఫోన్లు ఉన్నయి. కెమెరా ఎవరి చేతిలో ఉంటదన్నదే ప్రశ్న. బయటి నుంచి వచ్చి రెండు రీల్స్ తీసుకుపోయేటోడి చేతిలోనా, శ్రీకాంత్ లెక్క అక్కడే ఉండి తీసే పిల్లల చేతిలోనా?

మీరూ పోవాలనుకుంటే జాతర రోజులు చూసుకుని పోండి, జనవరి, ఫిబ్రవరిల్లో వస్తది. చలి గట్టిగుంటది, స్వెటర్ మర్చిపోకండి. పూజ దగ్గర ఫోన్ తీసేముందు పెద్దమనుషులను అడగండి. వద్దంటే జేబులో పెట్టుకుని, చెవులతో వినండి.