గోడ మీద యుద్ధం

పాలక్కోడు స్టేషన్లో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి, అక్కడ మైసూరు బండి పట్టుకొని శ్రీరంగపట్నంలో దిగినాము. నేను, మా ఇంటామె, మనవరాలు. మాది తుంబలహళ్లి. డ్యాము, రాగి చేలు, టమాటా తోటలు, అంతకుమించి మా ఊరికి పేరేమీ లేదు. ముప్పై రెండేండ్లు బెంగళూరు మిల్లులో రింగ్ ఫ్రేము మీద పనిచేసి కూడా నేను శ్రీరంగపట్నం చూడలేదు. ఆదివారం వస్తే నిద్ర, లేకుంటే యూనియన్ మీటింగు.

దోవలో రాయకోట కొండ కిటికీలో కనపడింది. మన బారామహల్ సీమ అంతా ఒకప్పుడు హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ చేతిలో ఉండేది. 1791లో కంపెనీవాళ్లు ఈ కోట పట్టుకొనిరి. మరుసటి ఏడు ఒప్పందంలో సీమంతా వాళ్లకే పోయింది. చిన్నప్పుడు ఆ కొండ కింద మేకలు మేపినోళ్లకు ఇవేమీ తెలీవు.

మేము చూడబోయింది దరియా దౌలత్ బాగ్. కావేరి పక్కన తోటలో 1784లో టిప్పు కట్టించుకున్న కొయ్య మహలు. లోపల ఒక్క జానెడు చోటు ఖాళీ లేకుండా రంగులే. పడమటి గోడ మీద ఉండేది పొల్లిలూరు యుద్ధం. కంచి దగ్గర, 1780 సెప్టెంబరు 10న జరిగింది. కర్నల్ బెయిలీ అనేవాడు మన గుంటూరు నుంచి దండును నడిపించుకొని కంచికి పోతా ఉంటే, హైదర్, టిప్పు సైన్యాలు నాలుగు పక్కలా కమ్ముకొనె. ఎర్ర కోట్లవాళ్లు పెట్టె మాదిరి నాలుగు వరసలు కట్టి నిలబడినారు. నడుమ పల్లకీలో గాయపడిన బెయిలీ. మందుగుండు బండి పేలిపోతా ఉంది. తెగిన తలకాయలు ఉండాయి, మా ఇంటామె చూడలేక పక్కకు తిరిగింది. ఆ బెయిలీ రెండేండ్లకు ఇదే ఊళ్లో ఖైదులోనే చచ్చిపోయె. 1799లో టిప్పు పోయినాక ఇంగ్లీషోళ్లే ఈ మహల్లో కాపురముండి, తాము ఓడిన ఈ బొమ్మకు మళ్లీ రంగులు వేయించినారంట. ఇది నాకు వింతగా తోచింది.

మనవరాలు బొమ్మలు నేర్చుకుంటా ఉంది. ఫోనులో ఇంకో బొమ్మ తీసి చూపించె. ఇటలీలో ఫ్లారెన్సు అనే ఊరు, 1529లో శత్రువులు చుట్టుముట్టి పది నెలలు కదలనియ్యలేదు. ముప్పై ఏండ్ల తర్వాత వాసారి అనే ఆయన ఆ ముట్టడిని అక్కడి రాజమహలు గోడ మీద గీసినాడు. కొండమీది నుంచి చూసినట్టు ఊరంతా చిన్నగా, చుట్టూ గుడారాలే. మనుషుల మొగాలు కనపడవు. నాకైతే మన గోడే నచ్చింది, మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ ఆ పిల్ల చెప్పిన ఒక మాట మనోళ్లందరికీ చెప్పాల. ఆ ఊరు ఉన్ని బట్టలు నేసి బతికిన ఊరు. కొండమీది గుడి గంటల గోపురాన్ని ఫిరంగులతో కొడతా ఉంటే, మైకేలాంజెలో అనే పెద్ద శిల్పి ఉన్ని బేళ్లు, పరుపులు చుట్టూ వేలాడగట్టించి గోపురాన్ని నిలబెట్టినాడంట! బ్లో రూములో పత్తి బేళ్లు మోసినోళ్లకు తెలుసు, గుద్దితే చెయ్యే నొస్తాది గాని బేలు కదలదు.

మళ్లీ మన గోడ దగ్గరికి వస్తే, గైడు ఒక పక్క చూపించి, "వీళ్లు నిజాం సైన్యం, అంతా అయిపోయినాక వస్తున్నారు" అని నవ్వె. అందరూ నవ్విరి. బెయిలీకి సాయం రావాల్సిన మన్రో కూడా కంచిలోనే ఉండి సమయానికి అందుకోలేదు. ఫిరంగులను గుడి కోనేట్లో పడేసి మద్రాసుకు తిరిగిపోయినాడు.

నాకు నవ్వు రాలేదు. మా మిల్లు లాకౌటు రోజులు మనసులోకి వచ్చె. గేటు ముందర పగలూ రాత్రీ కూర్చొని ఉంటిమి. నా పక్క ఫ్రేము మీద పనిచేసే అన్న ఒకాయన మూడు వారాలు కనపడలేదు. వచ్చిన రోజు టీ అంగట్లో పదిమంది ముందర నేనంటిని, "పండగ అయిపోయినాక వచ్చినావే, తట్ట కూడా తెచ్చుకోవాల్సింది" అని. అందరూ నవ్విరి, ఇట్లనే. ఆయన టీ గ్లాసు పెట్టేసి గేటు దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆ మూడు వారాలు ఆస్పత్రిలో వదినమ్మ పక్కన ఉన్నాడని తర్వాత వేరేవాళ్ల నోట విన్నాను. నేను పోయి మాట్లాడలేదు. మిల్లు మూతపడె, ఎవరి ఊరికి వాళ్లు చెదిరిపోతిమి.

ఆయన ఊరు రాయకోట పక్కనే. రాత్రి బెంగళూరులో కూతురింట్లో పండుకొని, మర్నాడు తిరుగుదోవలో వాళ్లిద్దరినీ బండిలోనే ఉండమని నేను రాయకోటలో దిగేసినాను. ఇల్లు అడిగి పట్టుకొనేసరికి పొద్దు వాలింది. తిన్నె మీద అనపకాయలు ఒలుస్తా ఉన్నాడు. తల తెల్లబడింది, ఎడమ చెవి మన మిల్లోళ్లందరి మాదిరే మందం. రెండుసార్లు పిలిచినాక తలెత్తి చూసె.

"ఇప్పుడా వచ్చేది?" అన్నాడు. జరిగి చోటిచ్చి, చాటలో సగం కాయలు నా పక్కకు తోసినాడు.